పారమట్టాలోని ప్రాత ఇటుకయిల్లు



ఈ సాయంకాలము నేనొక యింటినిగూర్చి ముచ్చటింపదలచితిని. అది రాజభవనము కాదు, దేవాలయమును కాదు. దూరదేశమునకు వలసపోయిన యొక సంసారి, కాపురమునకై కట్టించుకొన్న ఇటుకయిల్లు. దానికి రెండువందల ముప్పది సంవత్సరములు దాటినవి. అది మన దేశములో లేదు. ఆస్ట్రేలియాఖండమున సిడ్నీనగరమునకు పడమటిదిక్కున, పారమట్టా యను పట్టణపు ప్రక్కన నున్నది. "అంత దూరపుటిల్లు మా కెందుకయ్యా?" యని మీరడుగవచ్చును. ప్రసంగము ముగియునప్పటికి ఆ ప్రశ్నకు సమాధానము మీరే చెప్పుకొందురని నా నమ్మకము.

ప్రాతయింటికి వెలకట్టువిధము మన గ్రామములలో అందఱకును తెలిసినదే. స్థలము గజమున కింత, టేకుదూలము అడుగున కింత, ద్వారబంధములకింత, పనికివచ్చు ఇటుక వేయింటి కింత. ఇట్లు కూడి, కూల్చుకూలి తీసివేయగా మిగిలినది ఇంటివెల. ఈ లెక్కలో తప్పులేదు. కాని ఈ లెక్కలోనికి రానిది యొకటి యున్నది. దానిని వారసత్వపు విలువ యని వ్యవహరించుచున్నారు. ఆ మాటకు అర్థమేమో, ఆ విలువ ఎచ్చటనుండి పుట్టునో ఈ యింటిని దృష్టాంతముగా గొని వివరించెదను.

మా అమ్మాయియు అల్లుడును ఉద్యోగరీత్యా పారమట్టాలో కాపురమున్నారు. గత సంవత్సరము నేను వారియొద్ద మూడుమాసములు గడపితిని. ఆ సమీపముననే హారిస్ పార్కు అను పేట యొకటి గలదు. అచ్చట భారతీయుల అంగళ్లును ఫలహారశాలలును వరుసగా నుండును. వీధిలో నడచుచుండగా తెలుగుమాట చెవిని బడుచుండును. అచ్చటనుండి నడచిపోవుదూరముననే ఎలిజబెత్ ఫార్మ్ అను ఆ యిల్లున్నది. ఫార్మ్ అనగా వ్యవసాయక్షేత్రము. యజమాని తన భార్యపేరు క్షేత్రమునకు బెట్టెను.

ఇక దాని పూర్వకథ. 1788వ సంవత్సరము జనవరిమాసమున ఇంగ్లండునుండి పదునొకండు నౌకలు సిడ్నీప్రాంతమునకు చేరినవి. వానిలో వచ్చినవారిలో పెక్కురు శిక్షపడిన బందీలు. తక్కినవారు కావలిసిపాయిలు, అధికారులు. రేవుప్రక్క నేల సేద్యమునకు అంతగా పనికిరాకపోవుటచే, ఆ యేడే నవంబరుమాసమున నది వెంబడి లోపలికిపోయి రోజ్ హిల్ అను తావున రెండవ నివాసము నేర్పరచిరి. ఆ తావే పారమట్టా. తొలిరెండేండ్లు వారు ఆకలిచే మిక్కిలి బాధపడిరి. 1790లో రెండవమారు నౌకలు వచ్చినవి గాని, ఆ నౌకలలో నెక్కించిన బందీలలో సుమారు నాల్గవవంతు దారిలోనే మరణించిరి. ఆ నౌకలలోనే జాన్ మకార్థర్ అను సేనాధికారి, భార్య ఎలిజబెత్తుతోను పసిబిడ్డతోను వచ్చి దిగెను.

1793 ఫిబ్రవరిలో మకార్థరునకు పారమట్టాయొద్ద నూఱెకరముల భూమి దానముగా లభించెను. అది మన దేశమున కారన్‌వాలిసు బంగాళమునకు శాశ్వతశిస్తు నిర్ణయించిన సంవత్సరము. ఆ యేడే ఇంటిపని ఆరంభమైనది. మఱుసటి యేడు మకార్థరు తన సోదరునకు వ్రాసిన జాబులో ఆ యింటి కొలతలు చెప్పియున్నాడు. పొడవు 68 అడుగులు, వెడల్పు 18 అడుగులు. మన లెక్కను పొడవు సుమారు 45 మూరలు, వెడల్పు 12 మూరలు. నాలుగు గదులు, ఒక నడవ, క్రింద నేలమాళిగ. వంటయిల్లు మాత్రము విడిగా. ఇంతే. మన కోనసీమలో నొక మోతుబరి రైతు మండువాలోగిలి ఇంతకంటె పెద్దది.

అట్టి చిన్నయిల్లు కట్టుట నాడెంత కష్టమో చెప్పవలెను. ఆ నేలపై అంతకుముందు ఇటుకపని లేదు. తొలినౌకలలో ఇటుకల అచ్చులు తెచ్చుకొనిరి. బందీలలో జేమ్స్ బ్లడ్‌వర్త్ అను నతడు ఇటుకపని యెఱిగినవాడు. వానిని మేస్త్రీగా నియమించిరి. మంచిమట్టి దొరకినది. కాని బండిలాగుటకు ఎద్దులు లేవు. బందీలనే బండ్లకు గట్టి ఇటుకలు లాగించిరి. కొయ్య అచ్చునకు లోపల ఇసుకచల్లి, మట్టిముద్దను చేతితో అదిమి, పైని మట్టమునకు గీచి తీసిన ఇటుకలవి. ఏ రెండును ఒక్కరీతిగా నుండవు. ఈ పని మన ఇటుకబట్టీలలో చూచినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇటుక దొరకినను సున్నము దొరకలేదు. సున్నపురాయి ఆ చుట్టుప్రక్కల లేదు. అందుచే సముద్రతీరమున ఆల్చిప్పలు ఏరించి, కాల్చి, గుల్లసున్నము చేసిరి. మన తీరగ్రామములలోను గుల్లసున్నము కాల్చినవారు కలరు. ఆ సున్నపు తెలుపును నునుపును మీ రెఱుగుదురు. అది చాలినంత లేనప్పుడు ఇటుకలను మట్టి అడుసుతోనే పేర్చిరి. అడుసుగోడ వానకు నిలువదు. కావున నాటి గోడలు దళసరిగను, ఎత్తు తక్కువగను, ఒక్క అంతస్తుతోనే యుండవలసి వచ్చెను. పైకప్పునకు పెంకులకు మాఱుగా చీల్చిన చెక్కపలకలు వాడిరి. చూడుడు! ఆ యింటి పొట్టితనమును చూచి, కట్టించినవానికి పెద్దయిల్లు కట్టు నాశ లేకపోయెనని మనమనుకొందుము. నిజమున కా పొట్టితనము, ఆ కాలమున ఆ దేశమున సున్నమెంత కఱవుగా నుండెనో చెప్పుచున్నది. ఆ సంగతి పుస్తకములోను వ్రాయవచ్చును. కాని పుస్తకమున వ్రాసినవాడు పొరబడవచ్చును, పక్షపాతియును కావచ్చును. గోడకు అట్టి దోషము లేదు.

ఇదియే వారసత్వపు విలువలో మొదటిది: సాక్ష్యము. వ్యవహారములో పత్రమెట్టిదో, చరిత్రలో ప్రాతకట్టడ మట్టిది. పత్రమునకు నకలు తీయవచ్చును గాని, నకలు మూలపత్రముతో సమానము కాదని మీలో కోర్టుమెట్లెక్కిన పెద్దలకందఱకు తెలియును. అట్లే ప్రాతయింటిని కూల్చి, అచ్చముగా అట్టిదే క్రొత్తగా కట్టినను, అది నకలే. ఎలిజబెత్ ఫార్మ్‌లో 1793 నాటి గోడలలో కొంతభాగము నేటికిని నిలిచియున్నది; ఐరోపావారు ఆ ఖండమున కట్టిన యిండ్లలో నేటికి మిగిలినవానిలో అతిప్రాచీన మిదియే యని చెప్పుదురు. అందుచేతనే దానికి అంత గౌరవము.

సాక్షి యనినంతనే ఆతడు మనకు అనుకూలముగనే చెప్పునని తలపరాదు. ఈ యిల్లు యజమాని గొప్పతనమును మాత్రమే చెప్పదు. పారమట్టా యనునది ఇంగ్లీషుమాట కాదు. ఆ నదీతీరమున అనాదిగా నుండిన బరమట్టగల్ అను తెగవారి పేరునుండి వచ్చినది. మలుగుచేపలుండు చోటు అని దాని యర్థము. మకార్థరునకు నూఱెకరములు దానము చేసినవారు ఆ తెగవారిని అడుగలేదు. 1797లో పెముల్వుయ్ అను ఆదివాసి వీరుడు తనవారితో పారమట్టాపైకి వచ్చి సిపాయిలతో పోరి, గాయపడి పట్టుబడి, తప్పించుకొనిపోయెను. 1802లో కాల్పబడి మరణించెను. ఇక ఇటుకలు చేసినవారిలోను, పొలము దున్నినవారిలోను బందీలే పెక్కుమంది. వారిలో ఎవని పేరును ఆ యింటికి పెట్టలేదు. ఈ సంగతులన్నియు ఆ యింట నిలుచున్నప్పుడు మనస్సునకు తగులును. ఇల్లు లేనిచో ఎవరికిని జ్ఞప్తికిరావు. ప్రాతయింటిని కాపాడుట యనగా దాని యజమానిని పొగడుట కాదు. మంచిచెడ్డలు రెండింటిని దాచక నిలుపుట.

మకార్థరు స్వభావమే చూడుడు. అతడు మహాకలహప్రియుడు. 1801లో తన పైయధికారితో ద్వంద్వయుద్ధము చేసి ఇంగ్లండునకు పంపబడెను. 1808లో బ్లై యను గవర్నరును పదవినుండి దింపిన తిరుగుబాటునకు ముఖ్యప్రేరకు లలో నొకడై, మరల 1809 మొదలు 1817 వఱకు దేశమునకు దూరమయ్యెను. ఆ యెనిమిదేండ్లును క్షేత్రమును, గొఱ్ఱెలమందలను, కూలీలను, బిడ్డలను చూచుకొన్నది ఎలిజబెత్తు. ఆ దేశమున నేటికిని ప్రసిద్ధమైన ఉన్ని వ్యాపారము మొలకెత్తిన క్షేత్రములలో ఇది ముఖ్యము. 1822లో లండనులోని కళాసంఘమువారు ఉన్నికై ఇచ్చిన రెండు స్వర్ణపతకములు మకార్థరు పేరనే వచ్చెను. దానికి తోడైన గృహిణి శ్రమను చెప్పునవి ఆమె జాబులు, ఈ యిల్లు.

ఇచ్చట మనదేశపు సంబంధమొకటి చెప్పి ముందునకు పోయెదను. మకార్థరు 1794లో కొన్న మొదటిగొఱ్ఱెలు కలకత్తానుండి పడవమీద వచ్చిన బంగాళపు గొఱ్ఱెలు; అఱువదియని అతడే చెప్పియున్నాడు. వానికి ఉన్నికి బదులు వెండ్రుకయే హెచ్చు. వానిని ఐర్లండు గొఱ్ఱెలతో కలుపగా, పిల్లలకు వెండ్రుకయు ఉన్నియు కలిసి పుట్టెను. అది చూచి అతనికి ఉన్నిపై ఆశ కలిగెను. తరువాత ఆఫ్రికాదక్షిణాగ్రమునుండి మెరీనో జాతి గొఱ్ఱెలు వచ్చినవి. ఇంతేకాక, ఆ యింటికి తరువాత చేర్చిన వసారాను వారు వరండా యనియే పిలుతురు. ఆ మాట ఇంగ్లీషులోనికి మనదేశమునుండి పోయినదే. ఎండదేశములలో మెలగిన అధికారులవలన ఆ యాచారము అచ్చట వ్యాపించెను. నేనా వరండాలో కూర్చున్నప్పుడు, మా తాతగారి వీధివసారాలో కూర్చున్నట్లే తోచినది.

రెండవ విలువ పనితనము. 1793 నాటి నాలుగుగదుల యిల్లు అట్లే యుండిపోలేదు. 1820 తరువాత మకార్థరు దానిని పెంచి, మార్చి, ఆ కాలపు వేడుకకు తగినట్లు అలంకరించెను. ఆ మార్పులు ముగియకమునుపే అతనికి మతి చలించెను, 1834లో మరణించెను. ఎలిజబెత్తు 1850 వఱకు జీవించెను. ఇట్లు ఒక్క కప్పుక్రింద రెండు మూడు కాలముల పనితనము కనబడును. వడ్రంగి చేతిపని, మేస్త్రీ చేతిపని పుస్తకమున నేర్పుటకు వీలులేనిది; చూచి నేర్వవలసినది. చూచుటకు ఏదియు మిగులనినాడు ఆ విద్య వినికిడిమాత్రమగును.

మూడవది జ్ఞాపకము. మకార్థరువంశమువారు 1881లో ఆ క్షేత్రమును అమ్మివేసిరి. అప్పటినుండి ఇరువదేండ్లకు పైగా ఇల్లు చేతులుమాఱి, ఆలనపాలన లేక, పాడుపడసాగెను. 1904లో స్వాన్ అను కుటుంబమువారు దానిని కొనిరి. వారు మకార్థరులకు చుట్టములు కారు, ధనికులును కారు. పెద్దసంసారముతో ఆ యింట చేరి, ఊడ్చి, కడిగి, బాగుచేసికొని, 1968 వఱకు అఱువదినాలుగేండ్లు కాపురమున్నారు. ఆ కుటుంబపు ఆడుపడుచులే కడవఱకు దానిని కాచినవారు. అమ్మునప్పుడు కూల్చువారికి గాక కాపాడు సంఘమునకు అమ్మిరి. తరువాత ప్రభుత్వము స్వీకరించి, మరమ్మతు చేయించి, 1984లో ప్రజలకు తెఱచినది. కనుక కట్టినవారి వంశమువారు వదలిన యింటిని, రక్తసంబంధము లేనివారు నిలిపిరి. వారసత్వమనునది రక్తమువలననే రాదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

నాల్గవది ప్రయోజనము. ప్రాతయిల్లు తాళమువేసి పూజించుటకు కాదు. ఇతర ప్రదర్శనశాలలలో త్రాళ్లుకట్టి, ముట్టవలదని పలకలు పెట్టుదురు. ఇచ్చట అట్లుకాదు. సామానులు ప్రాతవానికి నమూనాలు. కావున కుర్చీలలో కూర్చుండవచ్చును, బల్లపై చేయిపెట్టవచ్చును. నేను పోయిననాడు బడిపిల్లలు వచ్చియుండిరి. వంటయింటిలో తిరుగుచు, నిప్పు ఎట్లు రాజేసిరి, నీరెచ్చటనుండి తెచ్చిరి యని ఉపాధ్యాయిని ప్రశ్నించుచుండగా పోటీపడి సమాధానము చెప్పుచుండిరి. తోటలో 1805లో నాటినదని చెప్పు ఓలివుచెట్టు ఇంకను పచ్చగానున్నది. ముప్పదియేండ్లు పిల్లలకు పాఠముచెప్పిన నాకు, ఆ పిల్లలు ఆ యింట గంటలో నేర్చినది తరగతిలో నెలలో నేర్పలేనని తోచినది.

ఇక నా సంగతి చెప్పక తప్పదు. చెప్పనిచో ఈ ప్రసంగము పరోపదేశమగును.

గోదావరికి ధవళేశ్వరమువద్ద 1852లో ఆనకట్ట పూర్తియైన తరువాత, కాలువలు సాగి, మెట్టసీమలనుండి పెక్కుకుటుంబములు డెల్టాలోనికి దిగివచ్చినవి. మా ముత్తాతగారు అట్లు వచ్చినవారే. వారు మొదట తాటియాకు పాకలోనుండి, తరువాత మా తాతగారి కాలమున ఇటుకయిల్లు కట్టుకొనిరి. సున్నము గానుగలో నూరించి, కరక్కాయనీరును బెల్లపునీరును కలిపించిరని మా నాయనగారు చెప్పెడివారు. పదునాఱేండ్లక్రిందట మేమన్నదమ్ములము ఆ యింటిలో మా భాగము కూల్పించితిమి. గోడ చెమ్మగిల్లుచున్నదనియు, పిల్లలెవరు నుండరనియు, స్థలమునకు మంచివెల వచ్చుననియు కారణములు చెప్పుకొంటిమి. పెద్దవాడను గనుక నా సమ్మతియే కడపటిది. నేను సరే యంటిని.

కూల్చుటకు వచ్చిన ముసలిమేస్త్రీ గునపముతో కొట్టగా, ఇటుక పగిలెనుగాని సున్నపుకీలు విడలేదు. అతడు చేయియాపి, "అయ్యగారూ, మా తాతకు ఈ పాళ్లు తెలుసును. నాకు తెలియదు. ఎవరిని అడిగినా చెప్పేవాళ్లు లేరు" అనెను. అప్పుడైనను నేను ఆపలేదు. సాయంకాలమునకు గోడ నేలమట్టమైనది. ఇటుకముక్కలు బాటగుంటలు పూడ్చుటకు పోయినవి. నేనొక్క ఇటుక దాచితిని. దానిపై పచ్చిమట్టినాటి వ్రేలిగుర్తులు నాలుగున్నవి. ఎవరివో తెలియదు. ఏ మట్టి తెచ్చిరి, ఏ బట్టీలో కాల్చిరి, ఎవరు పేర్చిరి యని మనుమడు అడిగినప్పుడు చెప్పుటకు నా యొద్ద ఆ ఒక్క ఇటుకతప్ప మఱేమియు లేదు. ఇంటి పటముకూడ వ్రాసియుంచలేదు. పారమట్టాలో ఆ దళసరిగోడపై చేయియుంచినప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చినది ఈ యిటుకయే.

మా పినతండ్రికుమారుని పడమటిభాగ మింకను నిలిచియున్నది. వచ్చు వేసవికి దానిని కూల్పవలెనని అతని సంకల్పము. నేను వలదంటిని. అతడు, "అన్నయ్యా, నీభాగము కూల్చి సొమ్ము పంచుకొన్నావు. నాది మాత్రము నిలుపుమనుచున్నావు. మరమ్మతెవరు చేయుదురు?" అనెను. ఆ ప్రశ్న న్యాయమైనది. ప్రాతయిల్లు నిలుపుమని చెప్పువాడు దాని భారములో పాలుపంచుకొనవలెను. పెంకు సరిచేయించుటకు ఈ యేడు నా పింఛనులో కొంత యిచ్చెదనంటిని. ఒక వర్షకాలము ఆగుదునని అతడనెను. అంతవఱకు వచ్చితిమి, తరువాత సంగతి తరువాత.

మీయందఱి యిండ్లను నిలుపుడని నేను చెప్పను. నివసింపదగని యిల్లుండును, పిల్లల కక్కఱ యుండును, కొన్ని కూలకతప్పదు. కాని గునపము పట్టించుటకు ముందు నాలుగుపనులు చేయుడు. ఒకటి: ఇంటి పొడవువెడల్పులు కొలిచి, ఏగది యెక్కడనో కాగితముపై పటము గీయుడు. రెండు: లోపల వెలుపల ఛాయాచిత్రములు తీయింపుడు, నేడది కష్టము కాదు, మీ మనుమల చేతిలో యంత్రమున్నది. మూడు: ఎవరు కట్టించిరి, ఎవరు కట్టిరి, ఏయేట, ఎచ్చటి ఇటుక, ఎచ్చటి కొయ్య అను సంగతులు తెలిసిన ముసలివారిని అడిగి వ్రాయుడు. కట్టినవారి పేరులు తప్పక వ్రాయుడు. పారమట్టాలో బందీలకు జరిగినట్లు మనయందు జరుగనీయకుడు. నాలుగు: చెమ్మగిల్లినదని కూల్చుటకుముందు, కప్పునుండి నీరు దిగుచున్నదేమో, గోడ మొదట మురుగు నిలుచుచున్నదేమో చూడుడు. పెక్కుచోట్ల రోగమదియే. ప్రాతసున్నపు గోడకు సిమెంటు పూయకుడు. సున్నపుగోడ లోని చెమ్మను వెలికి విడుచును. సిమెంటు ఆ చెమ్మను లోపలనే బంధించి, ఇటుకను పొడిచేయును. మా యింటి గోడ చెమ్మకు కారణమదియే యని నాకు ఆలస్యముగా తెలిసినది. కూల్చుటకు ఐదేండ్లముందు దానికి సిమెంటు పూయించినవాడను నేనే.

ఎలిజబెత్ ఫార్మ్ నిలుచుటకు కారణము అది గొప్పయిల్లగుట కాదు. తగినసమయమున ఒక సామాన్యకుటుంబము చీపురుపట్టి లోనికి పోవుటయే. మీ గ్రామములో అట్టి యిల్లొకటి యున్నయెడల రేపు ఉదయము దాని చుట్టు ఒకమారు తిరిగి, కప్పునీ రెటుదిగుచున్నదో చూచి రండు.

సెలవు.